అరవై ఏళ్ల కత్తి కొనాలా, నిన్నటి కత్తి కొనాలా?

ప్రశ్న: నమస్తే అండీ. నాది మెట్‌పల్లి దగ్గర ఊరు. ఇప్పుడు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా చేత్తో చేసిన కత్తులు సేకరిస్తున్నాను, ఇప్పటికి ఆరు పోగయ్యాయి. ఏడోది కాస్త మంచిది కొందామని ఏడాదిపాటు డబ్బు దాచాను. నా ముందు రెండున్నాయి. ఒకటి 1960ల మొదట్లోదని చెబుతున్న, ఫ్లోరిడాలోని రాండాల్ షాపులో చేసిన వేట కత్తి. తోలు పిడి, తోలు ఒర ఉన్నాయి. రెండోది ఇప్పుడు పనిచేస్తున్న ఒక మాస్టర్ స్మిత్, అంటే పెద్ద పరీక్ష నెగ్గిన కత్తుల పనివాడు, చేసిన డమాస్కస్ కత్తి, అంటే పొరలు అతికించి చారలు తేల్చిన ఉక్కుది. ధర ఇంచుమించు ఒకటే. ఒక ఫ్రెండ్ "పాతవాళ్ల పనితనం ఇప్పుడెక్కడిది" అంటాడు. ఇంకో ఫ్రెండ్ "ఇప్పటి పౌడర్ స్టీల్ ముందు ఆ పాత ఇనుము ఎందుకు పనికొస్తుంది" అంటాడు. రెండు వారాలుగా ఇదే టెన్షన్. ఇంకో సంగతి. ఊళ్లో మా నాయనమ్మ కత్తిపీట ఉంది, మా ఊరి కమ్మరి చేసిందే. దసరాకి వెళ్తున్నాను. దాన్ని తెచ్చుకోమంటారా? తెచ్చే ముందు తుప్పు తీయించి మెరుగు పెట్టించాలా?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ కత్తిపీటకి మెరుగు పెట్టించకండి. ఎందుకో చివర్లో చెబుతాను, అంతవరకూ ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పండి. మీరు వస్తున్నారని తెలిస్తే ఎవరో ఒకరు ప్రేమకొద్దీ దాన్ని తళతళలాడించి పెడతారు.

ఇక మీ రెండు కత్తుల సంగతి. మీ ఫ్రెండ్స్ ఇద్దరూ వాటి వయసునే చూస్తున్నారు. ఇరవై ఏళ్లుగా ఈ కత్తులు కొంటూ, అమ్ముతూ నేను తెలుసుకున్నది ఏమిటంటే, పాత కత్తిని ఇన్నేళ్లలో ఎవరూ చెడగొట్టనందుకు కొంటాం. కొత్త కత్తిని చేసినవాడి చేతిపని కోసం కొంటాం. ఈ రెండింటికీ తూకం రాళ్లు వేరు. ఒకదాని రాయితో ఇంకోదాన్ని తూచాలని చూస్తున్నారు కాబట్టే మీకు రెండు వారాలైనా లెక్క తేలడం లేదు.

మొదటి ఫ్రెండ్ మాట తీసుకుందాం. పాతవాళ్ల మీద ఆయనకున్న గౌరవం నాకూ ఉంది. కానీ పనితనం ఒక్కటే చూస్తే, ఇవాళ్టి మంచి పనివాడు అప్పటివాళ్లలో చాలామందిని దాటిపోయాడు. ఇది వాళ్లని తక్కువ చేసి అంటున్న మాట కాదు. వాళ్లు ఏ పరిస్థితుల్లో పని నేర్చుకున్నారో చూస్తే మీకే అర్థమవుతుంది.

మిషిగన్‌లో విలియం స్కాగెల్ అని ఒకాయన ఉండేవాడు. 1873లో పుట్టి 1963లో పోయాడు. 1930ల మధ్యలో బో రాండాల్ అనే ఫ్లోరిడా ఆయన సెలవులకి మిషిగన్‌లోని వాలూన్ సరస్సుకి వెళ్లినప్పుడు, ఎవరో పడవ మీద పెయింట్‌ని కత్తితో గీకుతుంటే చూశాడు. అంత గీకినా కత్తి వాదర చెక్కుచెదరలేదు. అది స్కాగెల్ చేసిన కత్తి. రాండాల్ దాన్ని కొనేసి, ఇంటికొచ్చి, తనూ అలాంటిది చేయడానికి కూర్చున్నాడు. ఓర్లాండోలోని రాండాల్ షాపు అలా పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు ఉత్తరాలు రాసి మరీ ఆయన కత్తులు తెప్పించుకున్నారు. 1953లో బాబ్ లవ్‌లెస్ అనే ఓడ పనివాడు న్యూయార్క్‌లో అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ షాపుకి వెళ్లి రాండాల్ కత్తి కావాలన్నాడు. తొమ్మిది నెలలు ఆగాలన్నారు. ఆయన ఆగలేదు. తుక్కు యార్డులో పాత ప్యాకార్డ్ కారు స్ప్రింగ్ సంపాదించి, ఓడ వంటగదిలో పొయ్యి మీద కాల్చి, కత్తి తనే చేసుకున్నాడు. మన ఊళ్లలో కమ్మరులు లారీ కమాన్ పట్టీతో కత్తులు, గొడ్డళ్లు చేయడం మీరు చూసే ఉంటారు. ఆ పనే ఇది. ఆ లవ్‌లెస్సే తర్వాత ఈ రంగంలో అందరికంటే పెద్ద పేరయ్యాడు. మొన కిందికి వాలిన ఆయన వేట కత్తి ఆకారాన్ని ఇవాళ ప్రపంచమంతా అనుసరిస్తోంది.

ఈ వరసలో ఒకరి కత్తి చూసి ఇంకొకరు నేర్చుకున్నారే తప్ప, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవాళ్లు లేరు. తెలిసినవాళ్లు కూడా తమ పని రహస్యంగా ఉంచుకునేవారు. 1970లో కత్తులు చేసేవాళ్ల సంఘం నైఫ్‌మేకర్స్ గిల్డ్ వచ్చాక ఆ తలుపులు కొంచెం కొంచెం తెరుచుకున్నాయి. 1973లో మేరీల్యాండ్‌కి చెందిన బిల్ మోరన్ కాన్సాస్ సిటీలో జరిగిన గిల్డ్ షోలో డమాస్కస్ కత్తులు పెట్టాడు. అమెరికాలో దాదాపు కనుమరుగైన పని అది. 1976లో ఆయనా, ఇంకొందరూ కలిసి అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టి, వచ్చినవాళ్లందరికీ ఆ పని నేర్పడం మొదలుపెట్టారు. అందుకే స్కాగెల్‌కి ఒక జీవితం పట్టిన సంగతులు ఇవాళ్టి కుర్రాడికి కొన్నేళ్లలో తెలిసిపోతున్నాయి. వేడిని డిగ్రీల లెక్కన అదుపు చేసే ఫర్నేస్ ఆ కుర్రాడి దగ్గరుంది. పాతవాళ్లు చాలామంది కాలిన ఇనుము రంగు చూసే పని చేసేవారు.

నా దగ్గర 1950ల నాటి కత్తి ఒకటుంది. కిటికీ దగ్గర నిలబడి, మొన నా వైపు పెట్టుకుని, వెన్ను మీదుగా చూస్తే ఎడమవైపు సాన పట్టిన వాలు కుడివైపు కంటే వెంట్రుకవాసి ఎక్కువ దిగి ఉంటుంది. ఇవాళ మాస్టర్ స్మిత్ పరీక్షకి ఆ కత్తి పెడితే నెగ్గదు. కానీ దాన్ని నేను అమ్మను. ఆ వాలు తప్పిన చోట చేత్తో పట్టుకుని కంటితో చూసుకుంటూ పనిచేసిన మనిషి కనిపిస్తాడు. పాత కత్తిలో అది కావాలనుకుంటే కొనండి. తీర్చిదిద్దిన పని కావాలనుకుంటే మాత్రం ఆ డబ్బు కొత్తదానికే పెట్టాలి.

రెండో ఫ్రెండ్ స్టీల్ గురించి చెప్పినదాంట్లో కొంత నిజముంది. రాండాల్ షాపులో ఎక్కువగా వాడేది ఓ-1 అనే కార్బన్ టూల్ స్టీల్. దానికి తుప్పు పడుతుంది. తడి చేత్తో పట్టుకుని తుడవకుండా పెడితే మర్నాటికి మచ్చ కనిపిస్తుంది. 1970ల మొదట్లో లవ్‌లెస్ 154సీఎం అనే స్టెయిన్‌లెస్‌ని కత్తుల్లోకి తెచ్చాడు. 2001లో ఎస్30వీ వచ్చింది. 2021లో ల్యారిన్ థామస్ అనే లోహ శాస్త్రవేత్త రూపొందించిన మ్యాగ్నాకట్ వచ్చింది. ఈ చివరి రెండూ పౌడర్ స్టీళ్లే. కరిగిన లోహాన్ని సన్నటి పొడిగా చిమ్మి, ఆ పొడిని ఒత్తిడితో ముద్ద చేస్తారు. అందువల్ల లోపలి గట్టి కణాలు సన్నగా, అంతటా సమంగా ఉంటాయి. పదును నిలవడంలో, తుప్పుని తట్టుకోవడంలో ఇవి ఓ-1 కంటే మెరుగు. అందులో వాదన లేదు.

కానీ మీరు కొనబోయే కొత్త కత్తి డమాస్కస్ అని రాశారు కదా. డమాస్కస్ చేసేవాళ్లు మామూలుగా వాడేది 1084, 15ఎన్20 అనే రెండు సాదా కార్బన్ స్టీళ్లు. రెండోదాంట్లో కాస్త నికెల్ ఉంటుంది. రెండింటినీ పొరలు పొరలుగా కొలిమిలో అతికించి, సాగగొట్టి, మడిచి, మళ్లీ సాగగొట్టి, చివర్లో యాసిడ్‌లో ముంచుతారు. నికెల్ ఉన్న పొర తెల్లగా మిగులుతుంది, రెండోది నల్లబడుతుంది. మీకు కనిపించే చారలు అవే. తుప్పు విషయంలో ఇదీ ఓ-1 లాంటిదే. అంటే మీ ఫ్రెండ్ చెప్పిన పౌడర్ స్టీల్ గొడవ మీ ముందున్న రెండు కత్తుల్లో దేనికీ వర్తించే అవకాశం తక్కువ.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. స్టీల్ పేరు కంటే దాన్ని కాల్చి, చల్లార్చి, మళ్లీ వేడిచేసిన తీరు ముఖ్యం. ఒకే ఓ-1 కడ్డీని ఇద్దరికిస్తే ఒకరి కత్తి గాజులా పెళుసుగా రావచ్చు, ఇంకొకరి కత్తి పదును నిలవక వాదర వంగిపోవచ్చు. పాత షాపుల్లో చాలాకాలం నిలబడినవి ఈ ఒక్క పని బాగా తెలిసినందుకే నిలబడ్డాయి.

డమాస్కస్ మాట వచ్చింది కాబట్టి, మీది మెట్‌పల్లి అన్నారు కాబట్టి, ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. డమాస్కస్ అనే పేరుకి అసలు హక్కుదారు ఈ పొరల ఉక్కు కాదు. పాత పర్షియా కత్తుల మీద నీటి అలల్లా కనిపించే గీతలు మూసలో కరిగించిన ఉక్కులో సహజంగా వచ్చేవి. వూట్జ్ అంటారు దాన్ని. ఆ ఉక్కు తయారైన చోట్లలో పేరుమోసింది కోనసముద్రం, మీ మెట్‌పల్లికి పెద్ద దూరమేం కాదు. పర్షియా వర్తకులు అక్కడికొచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుని వెళ్లేవారు. 1820ల్లో హెన్రీ వోయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త ఆ పని చూసి రాసిపెట్టాడు. ఫ్లోరిడాలో ఆల్ పెండ్రే అనే గుర్రపు నాడాల పనివాడు, జాన్ వెర్‌హోవెన్ అనే ప్రొఫెసర్ కలిసి ఏళ్ల తరబడి కష్టపడి, ఆ గీతలు రావడానికి ఉక్కులో అతి కొద్దిగా ఉండే వనేడియం లాంటి లోహాలు కారణమని తేల్చారు. దసరాకి ఊరెళ్లినప్పుడు ఒక పూట కోనసముద్రం వెళ్లి రండి. చేతి కత్తులు సేకరించేవాడికి, అందులోనూ ఆ వైపు మనిషికి, అంతకంటే చూడాల్సిన ఊరు ఇంకోటి లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాత రాండాల్‌ని ఎలా చూడాలి? ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, డబ్బు పోయేదంతా ఇక్కడే.

ముందు కత్తి మీది ముద్ర చూడండి. రాండాల్ పేరు, ఓర్లాండో అన్న అక్షరాలు ఉంటాయి. అక్షరం అంచు దగ్గర బొటనవేలి గోరు ఆనిస్తే గోరుకి తగలాలి. అక్షరాల అంచులు అరిగి, కాగితం మీద తడిసిన సిరాలా అలికినట్టుంటే, ఎవరో ఆ కత్తిని మెరుగు పెట్టే బఫింగ్ చక్రం మీద పెట్టారన్నమాట. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మొదట్లో కొన్న పాత కత్తి ఒకటి నల్లగా ఉందని నేనే బఫింగ్ చేశాను. పది నిమిషాల పని. అద్దంలా వచ్చింది, ఎంతో సంతోషపడ్డాను. ఆ తర్వాత ఒక పెద్దాయనకి చూపిస్తే, ఆయన కత్తిని వెలుతురుకేసి తిప్పి, ముద్ర మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా తిరిగి నా చేతిలో పెట్టారు. యాభై ఏళ్లపాటు ఇనుము మీద నెమ్మదిగా ఏర్పడిన ఆ బూడిద నీలం రంగుని నేను పది నిమిషాల్లో తుడిచేశాను. అది మళ్లీ రాదు. ఆ కత్తి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికీ అమ్మడానికి మనసొప్పలేదు.

తర్వాత అలుగు, అంటే పిడి కాక మిగిలిన కత్తి రేకు, వెడల్పు చూడండి. పాతకాలం వాళ్లు కత్తిని నిజంగా వాడారు. జింకల తోలు తీశారు, తాళ్లు కోశారు, మళ్లీ మళ్లీ సాన పట్టారు. సాన పట్టిన కొద్దీ అలుగు సన్నబడుతుంది, మొన పొట్టిదవుతుంది. రాండాల్ పాత కేటలాగులు దొరుకుతాయి. అందులో ఆ మోడల్ కొలతలు చూసి, అమ్మేవాణ్ణి స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయమనండి. కాస్త అరుగుదల ఫరవాలేదు. కానీ విరిగిన మొనని మళ్లీ చెక్కినట్టుంటే వదిలేయండి. వెన్ను నుంచి మొన దాకా వచ్చే వంపు ఒక్క ఊపున సాగాలి, మధ్యలో ఎక్కడా తడబడకూడదు.

ఒర గురించి. రాండాల్ ఒరలు మొదట్లో డెన్వర్‌లోని హైజర్ వాళ్లు చేసేవారు. 1960ల మొదట్లో ఆ పని జాన్సన్ వాళ్ల చేతికి మారింది. కాబట్టి తోలు మీద హైజర్ ముద్ర ఉంటే కాలం గురించి ఒక అంచనా దొరుకుతుంది. కానీ ఒర విడి వస్తువు. ఈ కత్తి ఒర తీసి ఆ కత్తికి పెట్టడం ఎంతసేపు? అందుకని ఒర ఒక్కటే చూసి సంవత్సరం ఒప్పుకోకండి. లోపలికి టార్చ్ వేసి చూడండి. అన్నేళ్లు ఒకే కత్తి ఉన్న ఒరలో, ఆ అలుగు ఆకారం, గార్డ్ (పిడికీ అలుగుకీ మధ్య ఉండే అడ్డు పట్టీ) ఆనిన చోటు తోలు మీద అచ్చు గుద్దినట్టు పడి ఉంటాయి. మీ కత్తి అందులో ఎక్కడా వదులు లేకుండా, ఎక్కడా పట్టేయకుండా దిగాలి.

ఒర ముందు భాగాన చిన్న సంచి ఉంటుంది, అందులో సానరాయి. కొనేవాళ్లలో చాలామంది దాన్ని బయటికి తీసి కూడా చూడరు. మీరు తీయించండి. అలుగు బాగా అరిగి, రాయి కొత్తగా ఉంటే ఆ రాయి తర్వాత తెచ్చి పెట్టింది అయ్యుండొచ్చు. రాయి మధ్యలో పల్లం పడి, అలుగేమో ఒక్కసారి కూడా సాన చూడనట్టుంటే ఆ ఒర ఇంకో కత్తితో తిరిగిందేమోనని అనుమానించాలి. రాయి, అలుగు, ఒర మూడూ ఒకే కథ చెప్పాలి.

తోలు పిడి అంటే తోలు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, బిగించి, గుండ్రంగా తీర్చినది. అరవై ఏళ్లలో తోలు ఎండి కొద్దిగా కుంచించుకుపోతుంది. ఇత్తడి గార్డ్ అంచు తోలు కంటే పిసరంత పైకి లేచి వేలికి తగులుతుంది. ఇది మంచి గుర్తే, ఎవరూ మళ్లీ సాండ్‌పేపర్ పట్టలేదని అర్థం. అరవై ఏళ్ల కత్తికి గార్డ్, తోలు అద్దం మీద గీత గీసినట్టు సమంగా ఉన్నాయంటే, పిడి మార్చారో, అరగదీశారో అడగాలి. మార్చిన పిడి ఉన్న కత్తి పనికిరానిదేం కాదు, కానీ అసలు ధర పెట్టి కొనకూడదు.

పాత కత్తుల్లో కొమ్ము పిడులు కూడా తగులుతాయి, అవి మన అడవుల నుంచి వెళ్లినవే. అమెరికా పనివాళ్లు ప్రాణంగా చూసుకునే స్టాగ్ పిడి సాంబర్ కొమ్ముది. మనవాళ్లు కణుజు అంటారు. 1990ల చివరి నుంచి మన దేశం నుంచి ఆ ఎగుమతి ఆగిపోయింది. అందుకే పాత స్టాగ్ ఉన్న కత్తులకి అంత ధర. ఏనుగు దంతం పిడి ఉన్నదాని జోలికి మాత్రం వెళ్లకండి. 2016 నుంచి అమెరికాలోనే ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారం దాదాపు పూర్తిగా ఆగిపోయింది. రేపు అమ్మాలన్నా, ఊరికి తేవాలన్నా చిక్కే. ఆ దంతం ఎలా వచ్చిందో తలుచుకుంటే నాకు ఆ కత్తి చేతిలోకి తీసుకోవాలనే అనిపించదు.

కొత్త కత్తి చూడడం దీనికంటే తేలిక, ఎందుకంటే చేసినవాడు బతికే ఉన్నాడు. ఫోన్ చేసి అడగొచ్చు.

మాస్టర్ స్మిత్ అన్నది ఊరికే వచ్చిన బిరుదు కాదు. బ్లేడ్‌స్మిత్ సొసైటీ పరీక్షలో, వేలాడుతున్న అంగుళం మందం తాడుని ఒక్క వేటుకి తెంపాలి. తర్వాత ఇళ్లు కట్టేవాళ్లు వాడే టూ బై ఫోర్ చెక్కని రెండుసార్లు నరకాలి. అంత నరికాక కూడా అదే వాదరతో చేతి మీద వెంట్రుకలు గొరగగలగాలి. ఆఖర్న అదే కత్తిని వైస్‌లో బిగించి తొంభై డిగ్రీలు వంచితే విరిగిపోకూడదు. ముందు జర్నీమన్ అనే కింది స్థాయి, తర్వాత మాస్టర్. మాస్టర్ స్థాయిలో ఆ పరీక్ష కత్తి కనీసం 300 పొరల డమాస్కస్ అయ్యుండాలి. ఇవి కాక ఐదు కత్తులు చేసుకొచ్చి పెద్దల ముందు పెట్టాలి, వాళ్లు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని లోపం వెతుకుతారు. కాబట్టి ఆ మనిషికి పని వచ్చా అన్న అనుమానం మీకక్కర్లేదు. ఈ ఒక్క కత్తి ఎలా ఉందన్నదే చూడాలి.

గార్డ్‌కీ అలుగుకీ మధ్య వెలుతురు దూరకూడదు. వాలు మొదలయ్యే గీత రెండు వైపులా ఒకే చోట మొదలవ్వాలి. డమాస్కస్ చారల మధ్యలో సన్నటి నల్లని చీలికలాంటిది కనిపిస్తే, అక్కడ పొర సరిగ్గా అతకలేదు. పిడి పట్టుకుని కళ్లు మూసుకోండి, వాదర ఎటు ఉందో చేతికే తెలియాలి. ఈ చివరి పరీక్షలో ఓడిపోయిన అందమైన కత్తులు చాలా చూశాను. ఇంకా, డమాస్కస్ ముద్ద తనే చేశాడా, బయట కొన్నాడా, హీట్ ట్రీట్‌మెంట్ తన షాపులోనే చేశాడా అని అడగండి. మంచి పనివాడు ఈ ప్రశ్నలకి చిన్నబుచ్చుకోడు, సంతోషంగా చెబుతాడు. చెప్పినవన్నీ ఈమెయిల్‌లో రాసి ఇవ్వమనండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కత్తికి అదే పుట్టుపూర్వోత్తరాల పత్రం అవుతుంది. ఎప్పుడైనా ఆర్డర్ ఇచ్చి చేయించుకునేటట్టయితే మాత్రం ముందే మొత్తం డబ్బు కట్టకండి. నేను ఒకరికి అలా కట్టి మూడేళ్లు ఎదురుచూశాను, కత్తి రాలేదు, డబ్బూ రాలేదు.

ధర గురించి ఒక్క మాట. కొత్త కత్తిని మర్నాడు అమ్మితే చాలాసార్లు కొన్న ధర రాదు. పాత రాండాల్ సరైనదైతే అమ్మడం తేలిక. ఆ షాపు ఇప్పటికీ ఓర్లాండోలో నడుస్తోంది, ఇప్పుడు ఆర్డర్ ఇచ్చినా ఏళ్ల తరబడి ఆగాలి, కాబట్టి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కానీ మీరు రాసిన తీరు చూస్తే మీది అమ్ముకునే బుద్ధి కాదని నాకనిపిస్తోంది. అందుకని దీన్ని పెద్ద లెక్కలోకి తీసుకోవద్దు.

నేనైతే ఏం చేస్తానంటారా? మీ దగ్గర ఉన్న ఆరు కత్తుల్లో ఏవి పాతవో, ఏవి కొత్తవో మీరు రాయలేదు. మూడేళ్లే అయింది కాబట్టి అన్నీ కొత్తవే అయ్యుంటాయనుకుంటున్నాను. అలాగైతే రాండాల్ కొంటాను. ఒక నిజమైన పాత కత్తి ఇంట్లో ఉంటే, రోజూ చేతిలోకి తీసుకుని చూస్తుంటే, తర్వాత కొనే ప్రతి కత్తినీ చూసే కన్ను మారిపోతుంది. కానీ ఒక షరతు. ముద్ర, ఒర లోపలి అచ్చు, సానరాయి, గార్డ్ దగ్గర తోలు, ఈ నాలుగింటికీ పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటోలు అడగండి. వారం లోపు వెనక్కి తీసుకుంటానని రాసివ్వమనండి. అమ్మేవాడు తడబడితే మారుమాట లేకుండా వదిలేయండి. అప్పుడు జూన్‌లో అట్లాంటా బ్లేడ్ షోకి వెళ్లండి. నేనూ వెళ్తుంటాను. ఆ మాస్టర్ స్మిత్ లాంటివాళ్లు ఎందరో అక్కడ బల్లల మీద కత్తులు పెట్టుకుని కూర్చుంటారు. రెండు రోజులు ఏమీ కొనకుండా వంద కత్తులు చేత్తో పట్టుకుని చూడండి, మూడో రోజు కొనండి.

ఏది కొన్నా ఒరలో పెట్టి దాచకండి. తోలులోని తడి, పచ్చి తోలుని శుద్ధి చేయడానికి వాడిన మందులు ఇనుముని తినేస్తాయి, ఇత్తడి మీద పచ్చటి జిగురు పేరుతుంది. కత్తి వేరుగా, ఒర వేరుగా పెట్టండి. అలుగు మీద రినైసాన్స్ వ్యాక్స్ పల్చగా రాస్తే చాలు. మ్యూజియం వస్తువుల కోసం బ్రిటిష్ మ్యూజియంలో తయారుచేసిన మైనం అది. తోలు పిడికి నూనె మాత్రం పట్టించకండి.

ఇప్పుడు మీ నాయనమ్మ కత్తిపీట.

ఆవిడ అందులో ఎన్ని వేల వంకాయలు, బీరకాయలు తరిగి ఉంటారో. ఆ వాదర మధ్యలో లోపలికి పల్లం పడి ఉంటుంది చూడండి, ఆవిడ చెయ్యి రోజూ ఆడిన చోటు అది. అలుగు మీది నలుపంతా తుప్పు కాదు. కూరగాయల రసం, మామిడికాయ జీడి, చింతపండు పులుపు కలిసి ఇనుము మీద కట్టిన పొర. తుప్పుని అదే కొంతవరకు ఆపుతుంది. సాన పట్టేవాడి చక్రం మీద పెడితే ఆ పల్లం, ఆ నలుపు రెండూ పోతాయి. నేను నా పాత కత్తికి చేసిన పని మీరు నాయనమ్మ కత్తిపీటకి చేయవద్దు. ఎర్రగా పొడిలా రాలే తుప్పు ఉంటే, నూనెలో ముంచిన గుడ్డతో నెమ్మదిగా రుద్ది తుడవండి, అంతే. దసరాకి ఆయుధ పూజలో దానికి పసుపు కుంకుమ పెడతారు కదా, పెట్టనివ్వండి. మర్నాడు పొడి గుడ్డతో తుడిచి కొబ్బరినూనె రాయండి.

తప్పకుండా తెచ్చుకోండి. అలుగుకి అట్టముక్క చుట్టి, దాని మీద దుప్పటి చుట్టి, చెక్-ఇన్ లగేజీలో పెట్టాలి, చేతి సంచిలో వద్దు. పీట చెక్కకి పురుగు పట్టిన రంధ్రాలు లేవని చూసుకోండి, అమెరికాలో దిగాక చెక్క వస్తువు ఉందని కస్టమ్స్ వాళ్లకి చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యం, ఊళ్లో ఉన్నప్పుడే అమ్మనీ, నాన్ననీ కూర్చోబెట్టి అడగండి. చేసిన కమ్మరి పేరేమిటి, ఆయన కొలిమి ఊళ్లో ఎక్కడ ఉండేది, ఏ ఏడాది చేయించారు, డబ్బిచ్చారా, వడ్లు కొలిచారా, వాళ్ల పిల్లలు ఇంకా ఆ పని చేస్తున్నారా. రాండాల్ కత్తికి కేటలాగులున్నాయి, దీనికి వాళ్ల జ్ఞాపకం ఒక్కటే ఉంది. చెప్పినదంతా తేదీ వేసి ఒక కాగితం మీద రాయండి. దాన్ని పీట అడుగున అంటించకండి, జిగురు చెక్కని పాడుచేస్తుంది. ఒక కవర్లో పెట్టి, కత్తిపీట ఎక్కడుంటే అక్కడ దానితోపాటే ఉంచండి.